ఇంట్లోని టీవీ, కంప్యూటరు, ఫోను తెరలను గదికీ కంటికీ తగినట్లు అమర్చుకోవడం ఎలా?

కొత్త టీవీ కొన్న తరువాత పాఠకులు అడిగే ప్రశ్నలు పైకి వేరువేరుగా కనిపిస్తాయి. సినిమా చూస్తుంటే సీరియల్ చూస్తున్నట్లు ఉంటోందని ఒకరు, రాత్రి సన్నివేశాలలో నటుల ముఖాలే కనిపించడం లేదని మరొకరు, గంటసేపు చూస్తే కళ్లు మండి మెడ పట్టేస్తోందని ఇంకొకరు రాస్తారు. కంప్యూటరు ముందు పనిచేసేవారూ, పడుకునే ముందు ఫోను చూసేవారూ ఇంచుమించు ఇవే బాధలను చెబుతారు. వీటిలో చాలావాటికి తెరలోని లోపం కారణం కాదు. వెలుతురు దండిగా ఉన్న దుకాణంలో పక్కనున్న తెరలకన్నా ముందుగా చూపరుల కంటపడేలా అమర్చిన తెరను, ఆ అమరికను మార్చకుండానే మనం ఇంట్లో వాడుకుంటున్నాము. దానిని మన గదికి, మనం కూర్చునే దూరానికి, మన కంటికి అనువుగా మార్చుకోవాలి.

ఈ పనికి ఒక వరుస ఉంది: మొదట చోటు, తరువాత వెలుతురు, ఆ తరువాతే రిమోట్. చాలామంది రిమోట్‌తో మొదలుపెడతారు. కిటికీకి ఎదురుగా ఉన్న టీవీలో చిత్రం వెలిసిపోయినట్లు కనిపిస్తే కాంట్రాస్టును పెంచుతారు, అప్పుడు రంగులు మరీ గాఢమయ్యాయని వాటిని తగ్గిస్తారు, రాత్రి లైట్లు తీశాక అదే చిత్రం కళ్లలో గుచ్చుకుంటే మళ్లీ మొదటికి వస్తారు. కారణం కిటికీలో ఉన్నప్పుడు రిమోట్‌తో ఎంతసేపు కుస్తీపట్టినా ఫలితం ఉండదు. అందువల్ల కింది మెట్లను దాటవేయకుండా, ఇచ్చిన వరుసలోనే చేయండి.

కావలసినవి

- కొలత టేపు.
- ఒక తెల్ల కాగితం.
- మీకు బాగా తెలిసిన సినిమా ఒకటి. అందులో ఒక రాత్రి సన్నివేశం, ఎండలో తీసిన ఒక సన్నివేశం, దగ్గరగా చూపిన ముఖాలు, కెమెరా ఒక పక్కనుంచి మరో పక్కకు నెమ్మదిగా తిరిగే ఒక దృశ్యం ఉండాలి.
- కళ్లద్దాలు తుడిచే రకం మెత్తని పొడి గుడ్డ.
- పగలు కొంత సమయం, రాత్రి కొంత సమయం. గదిలోని వెలుతురు రెండు వేళల్లో ఒకలా ఉండదు కనుక మొత్తం పనిని ఒకే పూటలో ముగించడానికి ప్రయత్నించవద్దు.

టీవీని అమర్చడం

1. ఉన్న అమరికను ఫొటో తీసి పెట్టుకోండి. పిక్చర్ సెట్టింగ్స్‌లోని ప్రతి పేజీనీ ఫోనుతో ఫొటో తీయండి. నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి అదే ఆధారం. చాలా టీవీలలో ప్రతి హెచ్‌డీఎంఐ పోర్టుకూ (ఇతర పరికరాల కేబులు తగిలించే చోటు), టీవీలోని యాప్‌లకూ, హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడాను మరింత బాగా చూపే పద్ధతి) చిత్రానికీ అమరిక విడివిడిగా నిలిచి ఉంటుంది. సెట్‌టాప్ బాక్సు చూస్తూ మార్చినవి యాప్‌లో సినిమా చూసేటప్పుడు వర్తించకపోవచ్చు. "అన్నీ మార్చాను, అయినా ఏ తేడా లేదు" అనేవారి సమస్య తరచుగా ఇదే. "అన్ని ఇన్‌పుట్‌లకూ వర్తింపజేయి" అనే అర్థం వచ్చే ఎంపిక మీ టీవీలో ఉంటే చివర్లో దానిని వాడండి. లేకపోతే ఒక్కో ఇన్‌పుట్‌కు విడిగా మార్చాలి.

2. కంటి నుంచి తెరకు దూరం కొలవండి. టీవీ సైజును అంగుళాలలో, ఒక మూల నుంచి ఎదుటి మూలకు కొలిచి చెబుతారు. ఒక అంగుళం 2.54 సెంటీమీటర్లు కనుక 43 అంగుళాల తెర ఐమూల కొలత సుమారు 109 సెంటీమీటర్లు, 55 అంగుళాలది 140, 65 అంగుళాలది 165. ఈ కొలతకు 1.2 రెట్ల నుంచి 1.6 రెట్ల వరకు ఉన్న దూరం సినిమా చూడటానికి అనువైనది. అంటే 43 అంగుళాల టీవీకి సుమారు 130 నుంచి 175 సెంటీమీటర్లు, 55 అంగుళాల టీవీకి 170 నుంచి 225, 65 అంగుళాల టీవీకి 200 నుంచి 265 సెంటీమీటర్ల దూరం సరిపోతుంది. వార్తలు, సీరియళ్లు మాత్రమే చూసేవారు ఇంకా దూరంగా కూర్చున్నా ఇబ్బంది లేదు.

గోడ నుంచి గోడకు కొలవడం ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు. మీరు రోజూ కూర్చునే తీరులోనే కూర్చుని, మీ కంటి దగ్గర నుంచి తెర వరకు మరొకరి చేత కొలిపించండి. కొలిస్తే చాలా ఇళ్లలో మనుషులు తెరకు మరీ దూరంగా కూర్చుంటున్నట్లు తేలుతుంది. 4కె తెరలో అదనంగా ఉండే సూక్ష్మ వివరం, మామూలు చూపు ఉన్నవారికి, ఐమూల కొలతకు సుమారు ఒకటిన్నర రెట్ల దూరం దాటిన తరువాత ఫుల్ హెచ్‌డీతో పోలిస్తే దాదాపు తెలియదు. సోఫాను జరపడం వీలుకాకపోతే, ఇంకా స్పష్టమైన టీవీ కోసం డబ్బు ఖర్చు చేసే ముందు ఈ సంగతి ఆలోచించండి.

దగ్గరగా కూర్చుంటే పిల్లల కళ్లు పాడవుతాయన్న భయం చాలామందికి ఉంది. టీవీకి దగ్గరగా కూర్చోవడం కంటిని దెబ్బతీయదు. కానీ ఎంత చెప్పినా పిల్లవాడు తెర దగ్గరికే జరుగుతుంటే దూరపు వస్తువులు వాడికి సరిగా కనిపించడం లేదేమోనని అనుమానించి, కంటి పరీక్ష చేయించండి. కోప్పడి వెనక్కి జరిపితే ఆ లోపం కనిపెట్టే అవకాశం పోతుంది.

3. ఎత్తు సరిచూడండి. కూర్చున్నప్పుడు మీ కన్ను నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవండి; పెద్దవారికి సోఫాలో ఇది చాలావరకు 100 నుంచి 110 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. తెర మధ్యభాగం ఆ ఎత్తుకు దగ్గరగా ఉండాలి. 55 అంగుళాల తెర ఎత్తు సుమారు 68 సెంటీమీటర్లు కాబట్టి దాని కింది అంచు నేల నుంచి 70 సెంటీమీటర్ల ప్రాంతంలో ఉంటే సరిపోతుంది. నిలబడి చూసినప్పుడు ఇది చాలా తక్కువ ఎత్తుగా అనిపిస్తుంది, టీవీ బిగించడానికి వచ్చినవారు కూడా ఇంకా పైకి పెట్టమనే అంటారు. మీరు నిలబడి సినిమా చూడరు కనుక కూర్చుని నిర్ణయించండి. రంధ్రాలు వేయడానికి ముందు తెర సైజుకు కత్తిరించిన అట్టముక్కను గోడకు అతికించి, ఒక సాయంత్రమంతా దానికి ఎదురుగా కూర్చుని చూడండి. గడ్డం పైకెత్తవలసి వస్తే కిందికి దించండి.

ఇప్పటికే ఎత్తులో బిగించి ఉండి, మార్చడం కుదరకపోతే, తెరను కిందికి వంచగల బ్రాకెట్ పెట్టించుకోండి. మెడ బాధ పూర్తిగా పోకపోయినా చిత్రం మెరుగవుతుంది, ఎందుకంటే కొన్ని రకాల ఎల్‌సీడీ తెరలను కింది నుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి.

హెచ్చరిక: బల్లమీద నిలబెట్టిన టీవీని చిన్నపిల్లలు పట్టుకుని లాగితే అది వారిమీద పడుతుంది, దీనివల్ల తీవ్రమైన గాయాలు, మరణాలు కూడా జరిగాయి. టీవీని, దాని కింది బల్లను పట్టీతో గోడకు కట్టండి. రిమోట్‌ను, ఆటవస్తువులను టీవీ పైభాగంలో పెట్టవద్దు, వాటికోసం పిల్లలు ఎక్కుతారు. గోడకు బిగించేటప్పుడు బ్రాకెట్ మోయగల బరువును, వెనుకవైపు స్క్రూల మధ్య దూరాన్ని టీవీ పుస్తకంలోని అంకెలతో సరిచూడండి.

4. వెలుతురును సరిచేయండి. టీవీని ఆపివేసి, పట్టపగలు మీ చోట కూర్చుని ఆ నల్లని తెరలోకి చూడండి. అందులో కిటికీ, తలుపు, లైటు, మీ సొంత రూపం ఎంత స్పష్టంగా కనిపిస్తాయో, సినిమాలోని చీకటి సన్నివేశం మీద కూడా అవి అంతే స్పష్టంగా పడుతున్నాయన్నమాట. వాటిని ఒక్కొక్కటిగా తొలగించండి. కిటికీ టీవీకి ఎదురుగా గానీ వెనుక గానీ కాకుండా పక్కన ఉండటం మంచిది. టీవీని జరపలేకపోతే మందపాటి కర్టెన్ వేయండి. నెత్తిమీది లైటు తెరలో ప్రతిఫలిస్తుంటే చూసేటప్పుడు దానిని ఆపి, మరో మూల ఉన్న దీపం వేసుకోండి.

రాత్రివేళ గదిని పూర్తిగా చీకటి చేయవద్దు. కటిక చీకటిలో ఒక్క తెర మాత్రమే వెలుగుతుంటే చాలామందికి కళ్లు త్వరగా అలసిపోతాయి. టీవీ వెనుక, చూసేవారికి నేరుగా కనిపించకుండా, గోడమీద పడే ఒక మసక తెల్లని కాంతి ఉంటే కంటికి హాయిగా ఉండటమే కాక తెరలోని నలుపు కూడా మరింత నల్లగా తోస్తుంది. రంగులు మారే అలంకరణ లైట్లు ఈ పనికి పనికిరావు. గోడమీద నీలం వెలుగు పడితే తెరలోని ముఖాలు పసుపుబారినట్లు కనిపిస్తాయి.

5. పిక్చర్ మోడ్ మార్చండి. ఇక రిమోట్ అందుకోవచ్చు. వివిడ్, డైనమిక్ అనే పేర్లున్న మోడ్ నుంచి మూవీ, సినిమా, ఫిల్మ్‌మేకర్ అనే పేర్లున్న మోడ్‌కు మారండి. ఈ ఒక్క మార్పుతోనే పని చాలావరకు అయిపోతుంది. మార్చగానే చిత్రం పసుపురంగు పులిమినట్లు, మసకగా కనిపిస్తుంది, చాలామంది అక్కడే బెదిరి వెనక్కి వెళ్లిపోతారు. సినిమాలకు, టీవీ కార్యక్రమాలకు రంగులు దిద్దేటప్పుడు తెలుపుకు ప్రమాణంగా తీసుకునేది సుమారు 6500 కెల్విన్ల (వెలుగు రంగును చెప్పే కొలత) పగటి వెలుగును. దుకాణపు మోడ్‌లలోని తెలుపు అంతకన్నా చాలా నీలంగా ఉంటుంది. ఆ నీలానికి అలవాటుపడిన కంటికి అసలైన తెలుపు పసుపుగా తోస్తుంది. రెండు మూడు రోజులు అలాగే చూడండి. ఆ తరువాత పాత మోడ్ పెట్టి చూస్తే ముఖాలు ఎంత నీలంగా ఉండేవో మీకే తెలుస్తుంది.

అప్పటికీ నచ్చకపోతే కలర్ టెంపరేచర్‌ను వార్మ్ 2 నుంచి వార్మ్ 1కు మార్చుకోండి. కూల్ మాత్రం వద్దు.

6. మోషన్ స్మూతింగ్ ఆపండి. సినిమా సీరియల్‌లా కనిపించడానికి కారణం ఇదే. మాటల సినిమాలు స్థిరపడిన 1920ల చివరి నుంచి సినిమా సెకనుకు 24 ఫ్రేములతోనే (విడి చిత్రాలతోనే) నడుస్తోంది. మనకు తెలియకుండానే సినిమా అనుభూతిలో ఆ కదలిక ఒక భాగమైపోయింది. నేటి టీవీలు సెకనుకు 50, 60 లేదా 120 సార్లు చిత్రాన్ని మారుస్తాయి కనుక, రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేములను తామే ఊహించి సృష్టించి కలుపుతాయి. ఫలితంగా కదలిక నున్నగా మారి, కోట్లు పెట్టి తీసిన సినిమా వీడియో కెమెరాతో తీసినట్లు కనిపిస్తుంది; వేగంగా కదిలే చేతుల చుట్టూ, జుట్టు అంచుల వద్ద చిత్రం చెదురుతుంది. నటుడు టామ్ క్రూజ్ 2018 డిసెంబరులో దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీతో కలిసి ఒక వీడియో విడుదల చేసి, ఇళ్లలో దీనిని ఆపివేయమని ప్రేక్షకులను కోరాడు. మరుసటి ఏడు, 2019లో, ఒక్క మీటతో దీనిని ఆపగలిగేలా ఫిల్మ్‌మేకర్ మోడ్‌ను ప్రకటించారు. సినిమా తీసినవారు చూపదలచిన కదలికను మన ఇంట్లో ఒక యంత్రం మార్చివేయడం న్యాయం కాదని నేను గట్టిగా నమ్ముతాను.

దీనిని కనుక్కోవడమే కష్టం, ఎందుకంటే ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. ఎల్‌జీ టీవీలలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ అనే పేర్లతో ఇది ఉంటుంది. మిగిలిన టీవీలలో పిక్చర్ సెట్టింగ్స్‌లోని అడ్వాన్స్‌డ్ పేజీలో "మోషన్" అనే మాట ఉన్న వరుస కోసం చూడండి.

పరీక్ష: కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే దృశ్యాన్ని, స్మూతింగ్ ఉంచి ఒకసారి, తీసివేసి ఒకసారి చూడండి. తీసివేసినప్పుడు స్వల్పంగా అదురు కనిపించడం సహజం, అది సినిమాలోనే ఉంది. ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే ఓలెడ్ టీవీలలో చిత్రం తక్షణమే మారుతుంది కనుక ఈ అదురు కొంచెం ఎక్కువగా తెలుస్తుంది. అది భరించలేనంతగా ఉంటే స్మూతింగ్‌ను పూర్తిగా ఆపకుండా 10కి 1 లేదా 2 దగ్గర పెట్టుకోండి. ఆటల ప్రసారాలకు ఇది ఉన్నా ఫరవాలేదు, అక్కడ నున్నని కదలికను చాలామంది ఇష్టపడతారు.

7. వెలుగును, నలుపును సరిచేయండి. ఇక్కడ పేర్లు గందరగోళపెడతాయి. కొన్ని టీవీలలో బ్రైట్‌నెస్ అనేది చిత్రంలోని నలుపు ఎంత నల్లగా ఉండాలో నిర్ణయిస్తుంది, తెర మొత్తం వెలుగును బ్యాక్‌లైట్ నిర్ణయిస్తుంది. మరికొన్నింటిలో బ్రైట్‌నెస్ అంటే తెర వెలుగే, నలుపుకు బ్లాక్ లెవల్ అని వేరే వరుస ఉంటుంది. ఏది ఏమిటో తెలుసుకోవడానికి రాత్రి సన్నివేశాన్ని ఆపి పెట్టి, బ్రైట్‌నెస్‌ను అటూ ఇటూ జరపండి. నల్లని భాగాలు మాత్రమే బూడిదరంగులోకి మారుతుంటే అది నలుపు స్థాయి, తెల్లనివి, నల్లనివి అన్నీ కలిసి వెలుగుతుంటే అది తెర వెలుగు.

మొదట తెర వెలుగును గదికి తగినట్లు పెట్టండి. తెల్లని భాగం కనిపిస్తున్నప్పుడు తెర పక్కన తెల్ల కాగితాన్ని పట్టుకోండి. తెర దీపంలా మెరిసి, కాగితం మసకగా కనిపిస్తే వెలుగు ఎక్కువైనట్లు. తెర కాగితంకన్నా మురికిగా కనిపిస్తే తక్కువైనట్లు. టీవీ విషయంలో తెర కాగితంకన్నా కొంత ప్రకాశవంతంగా ఉండటం మంచిదే, కానీ కళ్లు చిట్లించవలసి రాకూడదు. పగటికి ఒక మోడ్, రాత్రికి ఒక మోడ్ ఎంచుకుని, వాటిలో వెలుగు మాత్రమే వేరుగా పెట్టుకుంటే రోజూ మార్చుకోవలసిన పని ఉండదు.

తరువాత రాత్రి సన్నివేశంలో నల్ల జుట్టును, నల్ల దుస్తుల మడతలను గమనించండి. అవి ఒకే నల్లటి ముద్దగా కలిసిపోతే నలుపు స్థాయిని ఒక్కొక్క అంకె చొప్పున పెంచండి. మడతలు కనిపించగానే ఆపండి. సినిమాకు పైనా కిందా ఉండే నల్లని పట్టీలు బూడిదరంగులోకి మారితే హద్దు దాటినట్లు. ఇక ఎండ సన్నివేశంలో మబ్బులను, తెల్లని వస్త్రాలను చూడండి. వాటిలోని ఛాయలు పోయి తెల్లకాగితంలా కనిపిస్తే కాంట్రాస్ట్ తగ్గించండి. ఈ పరీక్షను రాత్రే చేయాలి, పగటి వెలుతురులో నలుపును నిర్ణయించడం సాధ్యం కాదు.

రాత్రి సన్నివేశాలు ఇంకా చీకటిగానే ఉన్నాయంటే ఎనర్జీ సేవింగ్, యాంబియెంట్ లైట్ సెన్సర్ వంటివి పనిచేస్తున్నాయేమో చూడండి. గది చీకటిగా ఉందని గ్రహించి అవి తెరను మీకు చెప్పకుండా మసకబారుస్తాయి.

8. మిగిలిన చిన్న మార్పులు. షార్ప్‌నెస్‌ను బాగా తగ్గించండి. అది అసలు చిత్రంలో లేని వివరాన్ని తేలేదు, అంచుల చుట్టూ తెల్లని గీతను మాత్రమే గీస్తుంది. కొన్ని టీవీలలో సున్నా వద్ద చిత్రం మసకబారుతుంది, అలాంటప్పుడు సున్నాకు కొంచెం పైన ఉంచండి. కలర్‌ను ముఖాలు చూసి నిర్ణయించండి, పూలనూ పతాకాలనూ చూసి కాదు. చిత్రంలోని గరుకు చుక్కలను తుడిచే నాయిస్ రిడక్షన్‌ను మంచి నాణ్యత ఉన్న సినిమాలకు ఆపివేయండి. వార్తల చానల్లో కింద పరుగెత్తే అక్షరాలు సగం తెగి కనిపిస్తే, తెర అంచులను కొంచెం దాచే పాత పద్ధతి ఇంకా అమలులో ఉందన్నమాట. పిక్చర్ సైజు పేజీలో జస్ట్ స్కాన్, ఫిట్ టు స్క్రీన్ వంటి ఎంపికను ఎంచుకోండి. వీడియో గేములు ఆడేవారు ఆ ఇన్‌పుట్‌కు గేమ్ మోడ్ పెట్టుకోవాలి, లేకపోతే మీట నొక్కినదానికీ తెరమీద కదలికకూ మధ్య ఆలస్యం తెలుస్తుంది.

హెచ్‌డీఆర్ గురించి ఒక్క మాట. అటువంటి చిత్రం మొదలైనప్పుడు టీవీ దానికి వేరే అమరికను తీసుకుంటుంది, అందులో తెర వెలుగు సాధారణంగా గరిష్ఠంగా ఉంటుంది. అది పొరపాటు కాదు, తగ్గించవద్దు. వెలుగు అంతగా ఇవ్వలేని చౌక టీవీలలో హెచ్‌డీఆర్ చిత్రం మామూలు చిత్రంకన్నా చీకటిగా కనిపిస్తుంది. అప్పుడు చిత్రంలోని వెలుగును తెర శక్తికి తగినట్లు సర్దే టోన్ మ్యాపింగ్ అనే ఎంపికను వాడి చూడండి, ఫలితం లేకపోతే ఆ సినిమాను మామూలు రూపంలో చూడటమే మేలు.

కంప్యూటరు తెర

9. చేతి దూరం, కంటి ఎత్తు. కుర్చీలో వెనక్కి ఆనుకుని చేయి చాపితే వేళ్లు తెరకు దాదాపు తగలాలి; ఇది చాలామందికి 50 నుంచి 70 సెంటీమీటర్లు అవుతుంది. తెర పై అంచు కంటికి సమానంగా గానీ కొంచెం కింద గానీ ఉండాలి, అప్పుడు చూపు సహజంగా కిందికి వాలుతుంది. చదవడానికీ దూరం చూడటానికీ ఒకే కళ్లద్దాలు వాడేవారు తెరను ఇంకా కిందికి దించాలి, లేకపోతే అద్దం కింది భాగంలోంచి చూడటానికి రోజంతా తల పైకెత్తి ఉంచుతారు. ల్యాప్‌టాప్‌లో తెర, మీటలు ఒకదానికొకటి అతికి ఉంటాయి కనుక రెండూ సరైన చోట ఉండటం అసాధ్యం. రోజూ గంటల తరబడి పనిచేసేవారు దానిని ఎత్తుమీద పెట్టి, విడిగా కీబోర్డు వాడుకోవాలి.

అక్షరాలు కనిపించడం లేదని ముందుకు వంగవద్దు, అక్షరాలను పెంచండి. వెలుగుకు తెల్ల కాగితం పరీక్షనే ఇక్కడ మరింత కచ్చితంగా పాటించండి: తెరమీది తెల్లని పేజీ, పక్కన పట్టుకున్న కాగితం దాదాపు ఒకే వెలుగుతో ఉండాలి. నల్లని నేపథ్యంలో తెల్ల అక్షరాలు అందరికీ హాయినివ్వవు; ముఖ్యంగా ఆస్టిగ్మాటిజం (కంటి వంపులోని తేడావల్ల కలిగే చూపు లోపం) ఉన్నవారికి ఆ అక్షరాలు అలుముకున్నట్లు కనిపించవచ్చు, వారు మామూలు పేజీనే వాడి వెలుగు తగ్గించుకోవడం మంచిది.

10. రెప్ప వేయడం గుర్తుంచుకోండి. మామూలుగా నిమిషానికి 15 సార్లు వేసే రెప్పను తెర చూసేటప్పుడు 5 నుంచి 7 సార్లే వేస్తామని అమెరికా కంటి వైద్యుల సంఘం చెబుతుంది. కళ్లు మండటానికి, పొడిబారడానికి చాలావరకు కారణం అది. 20 నిమిషాలకొకసారి, 20 అడుగుల దూరంలో ఉన్న వస్తువును, 20 సెకన్లపాటు చూడండి. చూస్తున్నంతసేపూ రెప్పలు పూర్తిగా మూసి తెరవండి. ఫ్యాను, ఏసీ గాలి నేరుగా ముఖానికి తగలకుండా కుర్చీని జరపండి.

నీలికాంతిని ఆపే కళ్లద్దాలు కొనాలా అని ఎందరో అడుగుతారు. వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2023లో వెలువరించిన సమీక్ష 17 పరీక్షల ఫలితాలను పరిశీలించి, మామూలు అద్దాలతో పోలిస్తే ఇవి తెరవల్ల కలిగే కంటి అలసటను తగ్గించకపోవచ్చని తేల్చింది. ఆ ఖర్చుకన్నా తెరను సరైన దూరంలో పెట్టుకోవడం, సరైన పవరున్న కళ్లద్దాలు వాడటం ఎంతో మేలు.

ఫోను

11. ఫోనులో ఏమి చూడాలో ముందే నిర్ణయించుకోండి. సినిమా, సిరీస్ వంటి పొడవైన కార్యక్రమాలను ఫోనులో చూడకండి. చిన్న తెరను ముఖానికి దగ్గరగా తెచ్చుకోవలసి వస్తుంది, మెడ వంచవలసి వస్తుంది, పైగా ఒకరు చూసేది మరొకరికి కనిపించదు. ఫోను నుంచి టీవీకి పంపే వీలుంటే పంపండి. లేకపోతే ఫోనును స్టాండు మీద, కంటి ఎత్తుకు దగ్గరగా నిలబెట్టుకోండి. ఒక భాగం ముగియగానే మరొకటి తనంతట తానే మొదలయ్యే ఆటోప్లేను యాప్ సెట్టింగ్స్‌లో ఆపివేయండి. తరువాతి భాగం చూడాలా వద్దా అని ప్రతిసారీ మీరే నిర్ణయించుకునే అవకాశం అప్పుడు మీకు దక్కుతుంది.

12. రాత్రికి హద్దు పెట్టండి. తెరను పసుపుగా మార్చే నైట్ మోడ్ పెట్టుకున్నాం కనుక ఎంతసేపు చూసినా నిద్రకు భంగం లేదనుకోవడం పొరపాటు. రంగుతోపాటు వెలుగు తీవ్రత, చూసే విషయం కలిగించే ఉద్రేకం కూడా నిద్రను వెనక్కి నెడతాయి. నైట్ మోడ్‌తోపాటు వెలుగును కూడా తగ్గించండి, అన్నిటికన్నా ముఖ్యంగా ఛార్జర్‌ను పడకగది బయటకు మార్చండి. అలారం కోసం ఫోను పక్కన ఉండాలనేవారు విడిగా గడియారం పెట్టుకోవచ్చు. అదీ కుదరకపోతే మంచం నుంచి చేతికి అందనంత దూరంలో ఫోనును ఉంచండి.

13. పిల్లల తెరలకు వేరే లెక్క వేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రెండేళ్లు నిండని పిల్లలకు తెర అసలే వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు కూర్చుని తెర చూసే సమయం రోజుకు ఒక గంట మించకూడదు, అంతకన్నా తక్కువైతే ఇంకా మంచిది. టైమర్ పెట్టి హఠాత్తుగా లాక్కోవడంకన్నా, కార్యక్రమం ముగిసే చోటును ముందే చెప్పి అక్కడ ఆపడం మేలు, ఎందుకంటే కథ మధ్యలో ఆపితే పెద్దలకే కష్టంగా ఉంటుంది.

ఫలితం సరిచూసుకోవడం

వారం రోజుల తరువాత మీకు బాగా తెలిసిన ఆ సినిమానే రాత్రిపూట మళ్లీ చూడండి. రాత్రి సన్నివేశంలో ముఖాలు కనిపించాలి, నల్లని పట్టీలు నల్లగానే ఉండాలి, నటుల చర్మం నీలంగానో నారింజగానో కాక మనుషుల చర్మంలా ఉండాలి. సినిమా ముగిసేసరికి మెడమీద చేయి వేసుకుంటున్నారా, కళ్లు నులుముకుంటున్నారా అని గమనించండి. మెడ నొస్తే మూడవ మెట్టుకు, కళ్లు అలసిపోతే నాలుగు, ఏడు మెట్లకు వెళ్లండి. ఒకసారికి ఒకే మార్పు చేయండి. రెండు కలిపి మారిస్తే దేనివల్ల మేలు జరిగిందో తెలియదు. టీవీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన తరువాత కొన్ని సెట్టింగ్స్ మొదటికి రావచ్చు, అందుకే చివరి అమరికను కూడా ఫొటో తీసి పెట్టుకోండి.

చిత్రం మసకగా ఉందనిపిస్తే మళ్లీ రిమోట్ పట్టుకునే ముందు టీవీని ఆపి, చల్లారాక పొడి గుడ్డతో మెల్లగా తుడవండి. కిటికీ అద్దాలు తుడిచే ద్రావకాలను వాడవద్దు, ఏ ద్రవాన్నీ నేరుగా తెరమీద చల్లవద్దు. మరక వదలకపోతే గుడ్డను నీటితో కొద్దిగా తడిపి, పిండి, తుడవండి.

కంప్యూటరు, ఫోను విషయంలో కొలత మరింత సులభం. మీ ఫోనులోని స్క్రీన్ టైమ్ లేదా డిజిటల్ వెల్‌బీయింగ్ పేజీలో రాత్రి పది తరువాతి వాడకాన్ని మార్పులకు ముందు వారంతో పోల్చండి. సాయంత్రానికి కళ్లు మండటం తగ్గిందా లేదా అన్నది రోజూ ఒక్క మాటలో రాసుకోండి.

ఇవన్నీ చేసిన తరువాత కూడా తలనొప్పి వదలకపోయినా, అక్షరాలు రెండుగా కనిపించినా, దూరపు వస్తువులు తరచూ మసకబారుతున్నా ఇక అమరికలతో ప్రయోగాలు ఆపి కంటి వైద్యుని వద్దకు వెళ్లండి. ఉన్నట్టుండి చూపు తగ్గినా, కంట్లో మెరుపులు కనిపించినా అదే రోజు వెళ్లాలి. వెళ్లేటప్పుడు మీరు కొలిచిన దూరాలను, అంటే కంటి నుంచి కంప్యూటరుకు ఎంత, ఫోనుకు ఎంత, టీవీకి ఎంత అన్నది, కాగితం మీద రాసి తీసుకువెళ్లండి. ఏ దూరానికి కళ్లద్దాలు అవసరమో నిర్ణయించడానికి ఆ అంకెలు వైద్యునికి నేరుగా పనికివస్తాయి.